నెల్లూరులో ఉంటూ యోయోను పట్టుదలగా నేర్చుకోవచ్చా? తోడు దొరుకుతుందా?

నేర్చుకోవచ్చు, కానీ ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. తిరునాళ్లలో కొన్న ప్లాస్టిక్ యోయో దారం లాగితే చేతికి వచ్చేస్తుంది. పోటీల్లో ఎక్కువగా వాడే బేరింగ్ యోయో ఎంత లాగినా రాదు, అడుగునే తిరుగుతూ ఉంటుంది. దారాన్ని మడత పెట్టి రెండు చక్రాల మధ్యకు అందించాలి. ఆ మందానికి పట్టు దొరికి అది పైకి ఎక్కుతుంది. దీన్నే బైండ్ అంటారు. ఈ సంగతి తెలియక, కావలిలో ఉన్న రోజుల్లో నా మొదటి యోయో చెడిపోయిందనుకుని రెండు వారాలు బీరువాలో పడేశాను!

దారం నేల నుంచి బొడ్డు దాకా ఉంటే మొదట్లో చాలు.

పోటీల్లో ప్రధాన విభాగాలు 5. 1ఎ అంటే ఒకే యోయోతో దారపు విన్యాసాలు, అక్కడే మొదలుపెట్టండి. 4ఎలో యోయో దారానికి కట్టి ఉండదు. 5ఎలో దారం రెండో కొనను వేలికి కాకుండా చిన్న బరువుకు కడతారు. ఇవి తర్వాత చూసుకోవచ్చు.

ఇక తోడు. ఊరిలో మరో ఆటగాడు కనిపించకపోవచ్చు. సాయంత్రం ఏదైనా మైదానంలో ఓ మూల నిలబడి రోజూ ఆడండి. పదిమంది పిల్లలు మూగుతారు, వారిలో ఒకరు మర్నాడూ వస్తారు. నాకు దొరికిన మొదటి స్నేహితుడు అలా వచ్చినవాడే. బొంగరం ఆడిన పెద్దలైతే సలహాలు కూడా ఇస్తారు, వినండి. తిరుగుతున్న వస్తువు నిటారుగా నిలవడం వారికి కొత్త కాదు.

సిమెంటు నేల మీద మాత్రం వద్దు. నేలకు తగిలి యోయో అల్యూమినియం అంచు గరుకైతే దారాన్నీ వేలినీ కోస్తుంది.