పసుపు తిరగగానే ఆపెయ్యి తల్లీ

చిరంజీవి అమ్మలుకి పెద్దనాన్న ఆశీస్సులు.

జీవం పుట్టకముందు భూమ్మీద చక్కెరలు ఎలా తయారయ్యాయో తేల్చే పనిలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత పొంగిపోయానో! ఆ వెంటనే దానికి వాడే విషపదార్థం ఫార్మాల్డిహైడ్ గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది. ఆవిర్లు లాగేసే ఫ్యూమ్ హుడ్ బయట సీసా మూత తియ్యకు. గాగుల్స్ మర్చిపోకు. రాత్రిపూట ఒక్కదానివే ల్యాబ్‌లో ఉండకు.

మిగతాది కాస్త నిదానంగా చదువు. 1861లోనే బట్లెరోవ్ అనే రష్యన్ రసాయనవేత్త ఫార్మాల్డిహైడ్‌ని సున్నంతో వేడిచేసి తియ్యటి పదార్థం తీశాడు. వినడానికి ఎంత సులువు! అక్కడే మా ఎమ్మెస్సీ బ్యాచ్‌లో ఒకతను దెబ్బతిన్నాడు. ఫ్లాస్కు పెట్టాడు, ఎంతసేపటికీ రంగు మారలేదు. అంత త్వరగా మారదు కూడా. రెండు ఫార్మాల్డిహైడ్ అణువులు కలిసి గ్లైకాలాల్డిహైడ్ అనే అతి చిన్న చక్కెర కావడమే కష్టం. అది కొంచెం పుడితే చాలు, తనలాంటిదాన్నే మళ్ళీ మళ్ళీ పుట్టిస్తూ పోతుంది. 1959లో బ్రెస్లో అనే రసాయనవేత్త చూపించిన చక్రం ఇదే. మా బ్యాచ్ అతను ఆగలేక మంట పెంచి క్యాంటీన్‌కి వెళ్ళాడు. వచ్చేసరికి ఫ్లాస్కులో ముదురు గోధుమరంగు ద్రవం, గదంతా మాడిన చక్కెర వాసన. చక్కెరని రంగుతో పట్టే బయల్ పరీక్ష చేస్తే ఆకుపచ్చ తిరిగింది. అతనికి కావలసింది రైబోస్, ఆర్‌ఎన్‌ఏలో ఉండే చక్కెర. "రైబోస్ వచ్చేసింది!" అని కారిడార్ అంతా చాటాడు. మా సార్ తాపీగా అడిగారు: "అరబినోస్ కాదని ఎలా చెప్తావు? జైలోస్ కాదని?" ఇవన్నీ పెంటోస్‌లు, అంటే ఐదు కార్బన్ల చక్కెరలు; ఆ పరీక్షకి అన్నీ ఒకటే. మధ్యలో ఒక్క శాంపిల్ కూడా తీసిపెట్టుకోలేదు పాపం, చూపించడానికి ఏమీ మిగల్లేదు. ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. నీకలా జరగకూడదనే ఇంత రాస్తున్నాను.

కాబట్టి బెల్లం పాకం దగ్గర నిలబడ్డట్టు నిలబడు. పసుపు తిరగగానే, మాడి గోధుమరంగు కాకముందే తీసి, ఐసులో పెట్టి, యాసిడ్‌తో సున్నం విరిచెయ్యి. అంతకుముందూ ఆ తర్వాతా కూడా శాంపిళ్ళు తియ్యి. ఆ గందరగోళంలో రైబోస్ ఒక శాతం కూడా ఉండదు, రంగుని నమ్మకుండా, అణువుల్ని విడదీసి గుర్తుపట్టే జీసీ-ఎంఎస్ యంత్రంలో చూడు.

చక్కెర పుట్టడం కన్నా నిలవడమే పెద్ద చిక్కు. 1995లో స్టాన్లీ మిల్లర్ అనే రసాయనవేత్త బృందం లెక్కగట్టింది: మామూలు నీటిలో, 100 డిగ్రీల దగ్గర రైబోస్ 73 నిమిషాల్లో సగమైపోతుంది. సున్నా డిగ్రీల దగ్గరైతే 44 ఏళ్ళు. భూమి వయసు ముందు అదెంత? 2004లో బెన్నర్ అనే రసాయనవేత్త వాళ్ళు బోరాన్ ఉన్న లవణం, బోరేట్, కలిపితే రైబోస్ నిలుస్తుందని చూపించారు. నాకు ఆ దారి మీదే నమ్మకం. అయితే అప్పటి భూమ్మీద అంత బోరాన్ ఒకచోట చేరిందా అని నిన్ను ఎవరో ఒకరు అడుగుతారు, సిద్ధంగా ఉండు. 2019లో ఆస్ట్రేలియాలో పడ్డ ముర్చిసన్ ఉల్కలో రైబోస్ దొరికినప్పుడు కూడా అది మన నేలది అంటుకున్నది కాదని కార్బన్ ఐసోటోపులతో, అంటే బరువు తేడా ఉన్న కార్బన్ పరమాణువులతో, తేల్చాకే నమ్మారు. నువ్వూ బరువైన కార్బన్-13 ఉన్న ఫార్మాల్డిహైడ్‌తో ఒకసారి చేసి, చక్కెర నీ ఫ్లాస్కులోనే పుట్టిందని చూసుకో.

తిట్టినట్టుంటే ఏమనుకోకు తల్లీ. చిన్నప్పుడు నా ల్యాబ్ కోటు ఈడ్చుకుంటూ తిరిగినదానివి, భయం నాకు పోదు. పెద్దమ్మ సున్నుండలు పార్సిల్ చేస్తోంది. రూములోనే తిను, ల్యాబ్ లోపలికి మాత్రం తీసుకెళ్ళకు.

మీ పెద్దనాన్న