పోలండ్‌లో కొండల మధ్య అసలైన పల్లెటూరు చూడాలంటే జాకొపానె వెళ్తే సరిపోతుందా?

సరిపోదండీ. నేను మూడేళ్ళుగా క్రాకూఫ్‌లో ఉంటున్నా, ఇండియా నుంచి ఎవరొచ్చినా ఫస్ట్ జాకొపానె అంటారు, నేనూ మొదటి రెండుసార్లు అక్కడికే వెళ్ళా. అది పల్లెటూరు కాదు, టౌన్. అక్కడ క్రుపూఫ్కి అని మెయిన్ వీధి ఉంటుంది, శనివారం సాయంత్రం అందులో నడిస్తే నాంపల్లి ఎగ్జిబిషన్‌లో తిరిగినట్టే ఉంటుంది. కొండలు బావుంటాయి, కాదనను. కానీ మీరడిగింది పల్లెటూరు కాబట్టి హొహోవూఫ్ వెళ్ళండి. జాకొపానె నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే, స్లొవేకియా బార్డర్ పక్కనే.

ఊరంతా రోడ్డుకి రెండు వైపులా చెక్క ఇళ్ళు. మ్యూజియం కోసం ఎక్కడినుంచో తెచ్చి పెట్టినవి కావు, మనుషులు కాపురం ఉంటున్న ఇళ్ళే, కిటికీల్లో పూలకుండీలు, ముందు కార్లు. చెట్టు మొద్దుల్ని నిలువునా చీల్చి ఒకదాని మీద ఒకటి పేర్చి గోడ కడతారు, ఒక్కో మొద్దు ఎంత లావంటే నాలుగైదు పేరిస్తే కిటికీ పైదాకా వచ్చేస్తుంది. మధ్య సందుల్లో చెక్క పేళ్ళని తాడులా పేని కూరుతారు, దగ్గరికెళ్ళి చూస్తే జడ అల్లినట్టే ఉంటుంది. ఒక ఇల్లయితే మొత్తం ఒకే ఫర్ చెట్టుతో కట్టారని చెప్తారు, దాని గోడ చూశాక నాకూ నమ్మబుద్ధేసింది.

ఇంకో విచిత్రం, ఈ గోడలకి రంగు వేయరు, ఏడాదికోసారి కడుగుతారు! ఈస్టర్ ముందో, తర్వాత వచ్చే కార్పస్ క్రిస్టీ పండగ ముందో. నేను వెళ్ళింది ఆ రోజుల్లోనే, ఒక పెద్దావిడ నిచ్చెన ఎక్కి సబ్బునీళ్ళు, గట్టి బ్రష్షు పెట్టి గోడ తోముతోంది, సగం గోడ తేనె రంగు, సగం బూడిద రంగు. నాకొచ్చిన అరకొర పోలిష్‌లో నేను కూడా తోమనా అంటే నవ్వి బ్రష్షు చేతికిచ్చింది. జానెడు తోమేసరికి చెయ్యి లాగేసింది, కారే నీళ్ళు మాత్రం నల్లటి కాఫీలా ఉన్నాయి. కడగకపోతే చెక్క నల్లబడిపోతుందట. సంక్రాంతికి మా అమ్మమ్మ గోడలకి సున్నం వేయించే హడావిడి గుర్తొచ్చింది.

ఇక చరిత్ర. ఈ కొండజనాన్ని గురాలె అంటారు, యాస వేరు, డ్రెస్ వేరు, పౌరుషం కూడా కొంచెం ఎక్కువే. ఊరు 16వ శతాబ్దం నాటిది. 18వ శతాబ్దం చివర్లో పోలండ్‌ని మూడు రాజ్యాలు పంచేసుకున్నాయి కదా, ఈ వైపు ఆస్ట్రియాకి వెళ్ళింది. 1846 ఫిబ్రవరిలో ఊళ్ళో పాఠాలు చెప్పే యాన్ కాంటి ఆండ్రుషికేవిచ్ అనే ఆయన, ఒక ఫాదర్ కలిసి ఊరివాళ్ళని కూడగట్టి ఆస్ట్రియా మీద తిరగబడ్డారు. కొద్దిరోజుల్లోనే అణిచేశారు, చాలామంది జైలుకెళ్ళారు, ఆండ్రుషికేవిచ్ అయితే 1848లో యూరప్ అంతా విప్లవాలు వచ్చినప్పుడు గానీ బయటికి రాలేదు. ఇందులో తమాషా ఏంటంటే సరిగ్గా అదే నెలలో క్రాకూఫ్‌కి తూర్పున ఉన్న టార్నూఫ్ చుట్టుపక్కల రైతులు ఆస్ట్రియా వైపు నిలబడి పోలిష్ జమీందార్లని ఊచకోత కోశారు, ఇక్కడ రైతులేమో దానికి పూర్తి రివర్స్. ఈ తిరుగుబాటు మీద 1798 నాటి ఇంట్లో చిన్న మ్యూజియం ఉంది, తప్పకుండా చూడండి. పొయ్యి ఉండి రోజూ మసిలే గది నల్ల గది, చుట్టాలకీ పండగలకీ దాచిపెట్టే గది తెల్ల గది, రెండూ అలాగే ఉంచారు.

ఊరి పేరుతోనే హొహోవొఫ్స్కా లోయ ఉంది, టాట్రా కొండల్లో పోలండ్ వైపు అన్నిటికంటే పెద్దది. లోయ చివర మైదానం దాకా నడక రెండు గంటలు, ఎత్తు పెద్దగా ఉండదు, మా నాన్నగారు కూడా నడిచారు. మార్చి చివర్నుంచి ఏప్రిల్ మధ్య దాకా మంచు కరిగిన చోటల్లా ఊదారంగు క్రోకస్ పూలు. అవి అంతలా పూయడానికి గొర్రెలే కారణం అంటారు, గొర్రెలు మేసి, ఎరువేసి వెళ్తేనే ఆ పూలు నిలుస్తాయి, మేత ఆపేస్తే గడ్డి పెరిగి కమ్మేస్తుంది. అందుకే నేషనల్ పార్క్ అయినా మేత ఉంచారు. దయచేసి ఫోటోల కోసం పూలలో పడుకోకండి, మనవాళ్ళనే కాదు అందరినీ అంటున్నా. 1983లో పోప్ జాన్ పాల్ రెండు, పోలండ్ కార్మిక ఉద్యమ నాయకుడు లెహ్ వవెన్సా కలుసుకున్నది కూడా ఈ లోయలోనే.

చీజ్ సంగతి చెప్పకపోతే తప్పు. ఓస్త్సిపెక్ అని కదురు ఆకారంలో ఉండే పొగపెట్టిన గొర్రెపాల చీజ్, 2008 నుంచి యూరప్‌లో ఆ పేరుకి రక్షణ ఉంది, మన జీఐ ట్యాగ్ లాంటిది. కాపరుల పాకలోనే చేస్తారు, పెద్ద కాపరిని బాత్సా అంటారు. గొర్రెలు పాలిచ్చే సీజన్‌లోనే చేస్తారు కాబట్టి జనవరిలో రోడ్డు పక్కన కాల్చి జామ్ వేసి అమ్మేది ఎక్కువగా ఆవుపాలదే. అదీ రుచిగానే ఉంటుంది లెండి, కాకపోతే పేరు వేరు. నాకైతే అసలుది మరీ ఉప్పగా అనిపించింది, మా ఆవిడ మాత్రం సగం ఒక్కతే తినేసింది. వెజ్ వాళ్ళు జాగ్రత్త, క్ఫాష్నిత్సా అని పుల్లటి క్యాబేజీ సూప్ చూసి మన పులుసులా ఉందని తాగేయకండి, అందులో మాంసం వేస్తారు.

ఊళ్ళో వేడినీళ్ళ పూల్స్ కూడా ఉన్నాయి, పిల్లలుంటే సగం రోజు అక్కడే పోతుంది. మినీబస్సులు జాకొపానె బస్టాండ్ నుంచి దొరుకుతాయి, క్యాష్ దగ్గర పెట్టుకోండి. తిరుగు బస్సు టైమ్ ముందే డ్రైవర్‌ని అడగండి, మేము స్టాప్‌లో అతికించిన పాత కాగితాన్ని నమ్మి చలిలో గంటన్నర నిలబడ్డాం, చివరికి స్లొవేకియా నుంచి వస్తున్న ఒకాయన కారు ఆపి ఎక్కించుకున్నాడు.