ఫైలు కూడా పుట్టింటికి తీసుకుపో

చిట్టితల్లీ,

కడుపుతో ఉన్న నీకు హెపటైటిస్ బి ఉందని తేలిందని నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. అందుకే రాస్తున్నా. లివర్‌కు పట్టే ఆ వైరస్ నాకూ ఉంది. మీ అన్న నా కడుపులో ఉన్నప్పుడే తెలిసింది, 26 ఏళ్ళయింది. వాడికి మాత్రం రాలేదు, పుట్టిన రోజే టీకా పడింది.

అందరూ బిడ్డ గురించే చెప్తారు. నేను నీ గురించి కూడా చెప్తాను.

వాడు పుట్టిన రెండో నెలలో నాకు ఒకటే నీరసం. అన్నం చూస్తే వికారం. రాత్రి నిద్ర లేక అనుకున్నా. మిద్దె మీద బిడ్డ గుడ్డలు ఆరేస్తుంటే పక్కింటావిడ నన్ను ఎండలోకి తిప్పి, "ఏమ్మే, కండ్లు ఇంత పచ్చంగా ఉండాయే" అంది. అప్పుడైనా ఆసుపత్రికి పోయానా? పలమనేరు వైపు ఎవరో పసరు పోస్తారంటే పోయి తాగాను. వారం వృథా. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ, 40 లోపు ఉండాల్సింది, 600 దాటాక గానీ బుద్ధి రాలేదు.

ఎందుకట్లా అంటే, కడుపులో బిడ్డను పరాయిదని తరమకుండా మన ఒంట్లో రోగనిరోధక శక్తి కొంత తగ్గి ఉంటుంది. కాన్పయ్యాక అది మళ్ళీ లేచి, వైరస్ ఉన్న లివర్ కణాల మీద పడుతుంది. దాంతో లివర్ వాస్తుంది. చాలామందికి కళ్ళు పచ్చబడవు, ఏమీ తెలియదు. రక్తపరీక్షలోనే బయటపడుతుంది. అందుకే కాన్పయ్యాక కనీసం 6 నెలలు, డాక్టర్ చెప్పిన తేదీకల్లా లివర్ పరీక్ష చేయించు. పురిటికి పలమనేరు పోతున్నావు కదా, ఫైలు తిరుపతిలో వదిలేసి పోవద్దు.

ఏడో నెల పడేలోపు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో, చూపించుకో. మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే 28 వారాల నుంచి వైరస్‌ను తగ్గించే టెనోఫోవిర్ మాత్ర ఇస్తారు. బిడ్డకు అంటకుండా అదీ ఒక అడ్డు. కాన్పయిపోయిందని నీ అంతట నువ్వు మానేయకు, మానినప్పుడు కూడా లివర్ తిరగబడొచ్చు. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ మందు ఉచితం, 2018లో పెట్టిన పథకం, తిరుపతి రుయా ఆసుపత్రికి పోయినప్పుడు అడుగు.

బిడ్డకు పుట్టిన 12 గంటల్లోపు రెండు సూదులు, ఒక తొడకు టీకా, ఇంకో తొడకు ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ను అప్పటికప్పుడు అడ్డుకునే తయారు యాంటీబాడీలు. ఈ రెండోది అన్నిచోట్లా స్టాకు ఉండదు, ఖరీదు కూడా. నెల ముందే మాట్లాడి పెట్టుకో. పాలు నిక్షేపంగా ఇవ్వు. మీ అత్త కంచం వేరే పెట్టిందన్నావే, కలిసి తింటే ఇది అంటదని నేనే ఫోన్ చేసి చెప్తాలే. బ్లేడు, బ్రష్షు మాత్రం ఎవరివి వాళ్ళవే.

మంగళవారం స్కానింగుకు వచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ తీసుకురా. మీ ఆయన్ను కూడా వెంటబెట్టుకుని రా, ఆయనకూ రక్తం తీయించాలి.

మీ పెద్దమ్మ