నీళ్లలోకి దింపే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బీటెక్‌లో స్టీవార్ట్ ప్లాట్‌ఫాం (ఆరు కాళ్ల మీద పలకను కదిలించే యంత్రం) చేసినదానివి ఎంటెక్‌లో నీటి అడుగున తిరిగే రోబో తీసుకున్నావంటే చాలా సంతోషం వేసిందమ్మా. సిమ్యులేషన్‌లో చక్కగా నిలబడిన బండి ట్యాంకులో ఊగిపోతోందని, ఇంకా గట్టి కంట్రోలర్, అంటే బండిని అదుపు చేసే ప్రోగ్రాం, ఏదైనా చెప్పమని రాశావు. కంట్రోలర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ మోడల్‌లోని అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పు.

స్టీవార్ట్ ప్లాట్‌ఫాంలో పైపలక ఎక్కడుండాలో చెబితే ఆరు కాళ్ల పొడవులు సులువుగా తేలిపోతాయి. పొడవులిచ్చి పలక ఎక్కడుందో చెప్పమంటే 40 దాకా జవాబులు రావచ్చు. ఎంత కష్టమైనా అది లెక్కలోని కష్టమే, కొలతలన్నీ నీ డ్రాయింగ్‌లో ఉంటాయి. నీళ్లలో అలా కుదరదు. బండి వేగం మారాలంటే చుట్టూ ఉన్న నీటిని కూడా కదిలించాలి. బంతికైతే అది తొలగించిన నీటి బరువులో సగం అదనంగా మోస్తున్నట్టే. నీ బండి పైన వెడల్పాటి పలక ఉంది కదా, పైకీ కిందికీ కదిలేటప్పుడు ఈ అదనపు బరువు, అంటే యాడెడ్ మాస్, బాగా ఎక్కువ, ముందుకెళ్లేటప్పుడు తక్కువ. అన్ని దిక్కులకూ ఒకటే అంకె వేశావేమో చూసుకో.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో 40 కిలోల బండిని మంచినీటి ట్యాంకులో తేలకుండా, మునగకుండా సరిచేసి విశాఖ సముద్రంలో దింపాం. అది కిందికి దిగితే ఒట్టు. ఉప్పునీరు మంచినీటి కన్నా రెండున్నర శాతం దాకా బరువు, అంటే దాదాపు కిలో బలం దాన్ని పైకి తోస్తోంది. రోజంతా కంట్రోలర్ గెయిన్లు (తేడా వస్తే ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే అంకెలు) మారుస్తూ కూర్చున్నాం. కావలసింది కిలో పైచిలుకు సీసం. ఆ రోజు పోయినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే ముందు కొలువు. థ్రస్టర్‌ను, అంటే బండిని తోసే మోటారు పంకాను, ఒక కడ్డీకి బిగించి, రెండో కొసకు స్ప్రింగ్ కాటా తగిలించి, ముందుకు ఎంత తోస్తుందో, వెనక్కి ఎంత తోస్తుందో విడిగా రాసుకో. రెండూ సమానంగా ఉండవు. సున్నా దగ్గర కమాండ్ కొంత పెరిగినా అది అసలు తిరగదు. నీ బండి ఒక లోతులో నిలవకపోవడానికి నా అనుమానం దీని మీదే. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఛార్జ్ తగ్గాక ఒకసారి కొలువు. తర్వాత బండిని తాడుతో లాగుతూ, వేగం స్థిరపడ్డాక కాటా చూడు. వేగం రెట్టింపైతే నీటి నిరోధం దాదాపు నాలుగింతలవుతుంది. కేబుల్ తగిలించే లాగు, అది చిన్న బండిని ఎంత వెనక్కి పట్టేస్తుందో తెలుస్తుంది.

ఈ అంకెలు చేతికొచ్చాక లోతుకీ దిశకీ మామూలు పీఐడీ కంట్రోలర్‌తోనే మొదలుపెట్టు, అది ఇప్పటి తేడా, ఇప్పటిదాకా పేరుకున్న తేడా, తేడా మారే వేగం చూసి సరిదిద్దుతుంది. పేరుకున్న తేడాను చూసే ఇంటిగ్రల్ భాగానికి మాత్రం హద్దు పెట్టు, లేకపోతే థ్రస్టర్ పూర్తి బలానికి చేరాక కూడా అది పేరుకుంటూనే ఉంటుంది. లోతును ప్రెషర్ సెన్సర్ నమ్మకంగా చెబుతుంది. స్థానం అలా కాదు, జీపీఎస్ నీటిలోకి రాదు. దాని జోలికి ఇప్పుడే పోకు.

సముద్రానికి వెళ్లేటప్పుడు బరువు అక్కడే మళ్లీ సరిచెయ్యి. కాస్త తేలేలాగే ఉంచు, కరెంటు పోయినా బండి దానంతటదే పైకొస్తుంది. థ్రస్టర్ కొలతలు రాగానే నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మామయ్య