రాయికి పేరు పెట్టే ముందు

చిరంజీవి చిన్నికి పెదనాన్న దీవెనలు.

మీ జియాలజీ క్లాసును ఫీల్డుకు ముందు ఖాజాగూడ గుట్టలకూ, ఆ తర్వాత వికారాబాద్ వైపుకూ తీసుకెళ్తున్నారని మీ నాన్న చెప్పాడు. మంచి దారి. పొద్దున సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద నిలబడి, సాయంత్రానికి 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ బసాల్ట్ మీదికి చేరతావు. రెండూ అగ్నిశిలలే, అంటే కరిగిన రాతి ద్రవం చల్లారి గట్టిపడ్డవే, అయినా పోలికే ఉండదు.

రాయి కనబడగానే పేరు చెప్పెయ్యాలని తొందరపడకు. ముందు సుత్తితో ఒక ముక్క పగలగొట్టు. ఎండకూ వానకూ మాగిన పైపొర రంగును నమ్మకూడదు. లెన్సు కంటికి ఆనించి, రాయినే దాని దగ్గరికి తీసుకురా. చూడాల్సినవి రెండు: రేణువులు ఎంత పెద్దవి, అవి ఏ ఖనిజాలు.

రేణువు చల్లారిన చోటు చెబుతుంది. గ్రానైట్ కిలోమీటర్ల లోతున గడ్డకట్టింది. చుట్టూ ఉన్న రాయి వేడిని పోనివ్వదు కాబట్టి స్ఫటికాలు పెరగడానికి బోలెడంత సమయం దొరికింది. బసాల్ట్ సుమారు 1,100 డిగ్రీల లావాగా పైకొచ్చి గాలికి గబగబా చల్లారింది, అందుకే కంటికి రేణువు ఆనదు. అందులో చిన్న చిన్న గుంతలు కనిపిస్తే అవి వాయువు బుడగల గుర్తులు. వాటిలో తెల్లగా నిండి ఉండేవి చాలాసార్లు జియోలైట్లనే ఖనిజాలు. సన్నటి రేణువుల ముద్దలో అక్కడక్కడా పెద్ద స్ఫటికాలుంటే, అది లోపల కొంతా పైకొచ్చాక కొంతా చల్లారిందన్నమాట. అయితే పెద్ద రేణువంటే నెమ్మదిగా చల్లారడమేనని బట్టీ పట్టకు. గూడూరు అభ్రకం గనుల్లోని పెగ్మటైట్లలో, అంటే చాలా పెద్ద స్ఫటికాలుండే రాళ్లలో, అంతంత స్ఫటికాలు పెరగడానికి ఆ రాతి ద్రవంలో ఉన్న నీరు ముఖ్య కారణం.

ఇక ఖనిజాలు. ముక్కను ఎండలో అటూ ఇటూ తిప్పు. చదునుగా తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్, గాజు పెంకులా వంకరగా విరిగి ఉండేది క్వార్ట్జ్. చాకు మొనతో రేకులుగా లేచే నల్లది బయోటైట్, అంటే నల్ల అభ్రకం. గులాబీ రంగు చూసి పొటాష్ ఫెల్డ్‌స్పార్ అని రాసెయ్యకు. చదును ముఖం మీద సన్నటి సమాంతర గీతలుంటే అది ప్లాజియోక్లేజ్ అనే మరో రకం ఫెల్డ్‌స్పార్, రంగు ఏదైనా సరే. చల్లారే రాతి ద్రవంలో ఏ ఖనిజం ముందు, ఏది తర్వాత గడ్డకడుతుందో శాస్త్రవేత్త బోవెన్ చెప్పిన వరస గుర్తుంది కదా? ఆలివిన్ అనే ఆకుపచ్చ ఖనిజం మొదట్లో వస్తుంది, క్వార్ట్జ్ చివర్లో. మెగ్నీషియం ఎక్కువున్న ఆలివిన్, క్వార్ట్జ్ ఒకే రాతిలో పక్కపక్కన ఇమడవు. నీకు రెండూ కనిపించాయంటే మళ్లీ చూడు.

పేరు ఆ తర్వాతే. బసాల్ట్, డోలరైట్, గాబ్రో మూడింటి పదార్థం దాదాపు ఒకటే, తేడా రేణువులో ఉంది: బసాల్ట్‌ది సన్నం, డోలరైట్‌ది మధ్యస్థం, గాబ్రోది ముతక. ముతక రాళ్లకు పేరు పెట్టడానికి స్ట్రెకైసెన్ త్రిభుజమనే పటం వాడతారు: క్వార్ట్జ్, ఆల్కలీ ఫెల్డ్‌స్పార్ (పొటాష్ రకం ఇందులోదే), ప్లాజియోక్లేజ్‌ల మొత్తాన్ని నూరుగా లెక్కగట్టి అందులో క్వార్ట్జ్ 20 నుంచి 60 శాతం ఉంటే గ్రానైట్ కుటుంబం. ప్లాజియోక్లేజ్ వాటా బాగా పెరిగితే గ్రానోడయొరైట్, ఇంకా పెరిగితే టోనలైట్. ఇది గుట్ట మీద తేలే లెక్క కాదు. థిన్ సెక్షన్, అంటే రాయిని పలచగా అరగదీసిన పలక, మైక్రోస్కోపులో చూసేదాకా నోట్‌బుక్‌లో ‘గ్రానిటాయిడ్’ (గ్రానైట్ లాంటి రాయి) అని రాసుకో, ఎవరూ తప్పు పట్టరు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని మార్కెట్‌లో గ్రానైట్ అనే అమ్ముతారు, నువ్వు మాత్రం గాబ్రో అనే రాయాలి.

గ్రానైట్‌ను అడ్డంగా కోస్తూ నల్లటి పట్టీ కనిపిస్తే అక్కడ కాసేపు కూర్చో. అది డోలరైట్ డైక్ అయి ఉంటుంది, అంటే పగులులోకి రాతి ద్రవం దూరి గట్టిపడ్డ గోడ లాంటిది. మధ్యలో ఒక ముక్క, అంచున ఒక ముక్క తీసి పోల్చు. చల్లటి గ్రానైట్‌ను తాకిన అంచు సన్నటి రేణువులతో ఉంటుంది. కోసింది ఏదో అదే తర్వాత వచ్చింది.

సుత్తి ఎత్తేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకో, ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకో. శాంపిల్‌కు నంబరు అక్కడికక్కడే వెయ్యి. హాస్టల్‌కు వచ్చాక సంచిలో నల్లరాళ్లన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.

మీ పెదనాన్న