ఎలర్జీ కాన్ఫరెన్స్‌కి వెళ్ళాలా, వెళ్తే తిండి సంగతేంటి?

ఫుడ్ ఎలర్జీ ఉన్నవాళ్ళ కోసం జరిగే కాన్ఫరెన్స్‌ల గురించి ఈసారి వరసపెట్టి ఉత్తరాలొచ్చాయి, అందుకే మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్ళు. పల్లీలు, జీడిపప్పు పడవు, ఒకసారి బాగా సీరియస్ అయి హాస్పిటల్లో ఉంచాల్సొచ్చింది. రెండ్రోజుల కాన్ఫరెన్స్ ఒకటి ఉందని తెలిసింది, ఫ్లైట్‌లో వెళ్ళాలి. మా ఆయనేమో అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయిగా అంత దూరం ఎందుకు అంటారు. వెళ్ళమంటారా? బాబుని తీసుకెళ్ళాలా? అక్కడ అందరూ ఎలర్జీ వాళ్ళే కాబట్టి తిండికి భయం లేదు కదా?
— ఒక అమ్మ

జవాబు: మీ చివరి ప్రశ్నకి ముందు చెప్తానండి, ఎందుకంటే చాలామంది అక్కడే పొరబడతారు. ఎలర్జీ కాన్ఫరెన్స్ అంటే అక్కడి తిండి అందరికీ సేఫ్ అని కాదు. ఆలోచించండి, ఆ హాల్లో ఒకరికి పాలు పడవు, ఒకరికి గుడ్డు, ఇంకొకరికి గోధుమ, మరొకరికి నువ్వులు, కొందరికి అసలు ఏ లిస్టులోనూ లేని పళ్ళో పప్పులో పడవు, వీళ్ళందరికీ కుదిరే ఒకే భోజనం వండటం ఎవరివల్లా కాదు. అందుకే నిర్వాహకులు మహా అయితే పల్లీలు, జీడిపప్పు లాంటి గింజలు పూర్తిగా తీసేస్తారు, సెషన్ హాల్స్‌లో తినడం వద్దంటారు, మిగతావి లేబుల్ రాసి పెడతారు. కొన్నిచోట్ల అదీ ఉండదు. రిజిస్ట్రేషన్ చేసేముందే మెయిల్ పెట్టి అడగండి, ఏమేం తీసేశారు, వండేది ఎవరు, నూనె గిన్నెలు గరిటెలు విడిగా ఉంటాయా, ప్యాకెట్ వస్తువులైతే ఒరిజినల్ లేబుల్ చూపిస్తారా అని. జవాబు “అంతా చూసుకుంటాం మేడమ్” అని మాత్రమే వస్తే మీ తిండి మీరు పట్టుకెళ్ళండి, అక్కడ డబ్బా తెరిచి తింటే ఎవరూ వింతగా చూడరు, సగం మంది చేసేది అదే.

ఇంకా జాగ్రత్తపడాల్సింది స్టాల్స్ దగ్గర. వరసగా కంపెనీలు శాంపిల్స్ పెట్టుకుని కూర్చుంటాయి, ప్యాకెట్ మీద పెద్దక్షరాలతో “పాలు లేవు” అని ఉంటుంది, పాలు లేవు సరే, క్రీమ్ లాగా రావడానికి అందులో వేసింది జీడిపప్పు కావచ్చు. “గ్లూటెన్ లేదు” అన్న కేకులో బాదం పిండి ఉండొచ్చు. ఒకరికి సేఫ్ అయింది మీవాడికి సేఫ్ కాదు, అక్కడున్న అమ్మాయి ఎంత నవ్వుతూ చేతిలో పెట్టినా సరే వెనక లేబుల్ చదవందే నోట్లో పెట్టనివ్వద్దు. జీడిపప్పు పడనివాళ్ళలో చాలామందికి పిస్తా కూడా పడదు, మీ డాక్టర్ చెప్పే ఉంటారనుకోండి. “ఫలానాది ఉండే అవకాశం ఉంది” అనే హెచ్చరిక చాలా దేశాల్లో కంపెనీ ఇష్టం మీదే రాస్తుంది, కాబట్టి ఆ లైన్ లేదంటే అది లేదని అర్థం కాదు. ఇంకోటి, చేతులకి శానిటైజర్ జెల్ రాస్తే క్రిములు పోతాయేమో గానీ పల్లీ ప్రోటీన్ పోదు, సబ్బు నీళ్ళతో కడగాలి లేదా తడి వైప్స్‌తో తుడవాలి. శాంపిల్స్ హాల్లో తిరిగొచ్చాక ఇది మర్చిపోకండి.

ఇప్పుడు వెళ్ళాలా వద్దా. మీ ఆయన అన్నది సగం నిజం. లెక్చర్లు చాలావరకు తర్వాత వీడియోలుగా దొరుకుతాయి, దానికోసమే అయితే ఫ్లైట్ ఎక్కక్కర్లేదు. దొరకనిది ఏంటంటే మీలాంటి ఇంకో నలుగురు. స్కూల్ టీచర్‌తో ఏం మాట్లాడారు, పుట్టినరోజు పార్టీకి పంపిస్తున్నారా, అత్తగారింట్లో వంటగది సంగతి ఎలా నెట్టుకొస్తున్నారు, ఇవన్నీ టీ బ్రేక్‌లో వస్తాయి, స్టేజి మీద రావు. నన్నడిగితే అసలు కాన్ఫరెన్స్ జరిగేది కారిడార్‌లోనే. అందుకని సెషన్లన్నీ టిక్ పెట్టుకుంటూ పరిగెత్తకండి, పూటకి ఒకటో రెండో చాలు.

సెషన్లలో తప్పకుండా వినాల్సింది చికిత్సల గురించి, కానీ వినే పద్ధతి ఒకటుంది. ఓరల్ ఇమ్యునోథెరపీ అని పల్లీని చాలా చాలా చిన్న మోతాదులో మొదలుపెట్టి డాక్టర్ పర్యవేక్షణలో పెంచుతూ పోతారు, అది చాలామందిలో తట్టుకునే హద్దు పెంచుతుంది. ఎలర్జీ పోయిందని కాదు, పొరపాటున కొంచెం నోట్లో పడినా తట్టుకోగలగాలని. రోజూ డోసు మానకుండా ఇవ్వాలి, జ్వరం ఉన్న రోజు, ఆటలాడి వచ్చిన వెంటనే అదే డోసుకి రియాక్షన్ రావచ్చు. ఒమలిజుమాబ్ ఇంజెక్షన్ గురించి కూడా గట్టిగానే చర్చ నడుస్తుంటుంది, ఆస్తమాకి ఎప్పట్నుంచో వాడుతున్న మందే, 2024 ఫిబ్రవరిలో అమెరికాలో ఏడాది దాటిన పిల్లల దగ్గర్నుంచి పెద్దవాళ్ళ దాకా ఫుడ్ ఎలర్జీకి కూడా అనుమతి ఇచ్చారు. దాని వెనకున్న ట్రయల్‌లో మందు తీసుకున్నవాళ్ళలో 67 శాతం మంది 600 మిల్లీగ్రాముల పల్లీ ప్రోటీన్ తట్టుకున్నారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో 7 శాతమే. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ 600 మిల్లీగ్రాములు అంటే సుమారు రెండున్నర పల్లీ గింజలు. అంటే ఇది కూడా పొరపాటు జరిగితే కాపాడటానికే, పల్లీ చట్నీ తినడానికి కాదు, పెన్ (సీరియస్ రియాక్షన్ వస్తే వెంటనే తొడకి వేసే ఎపినెఫ్రిన్ సూదిమందు) దగ్గరుంచుకోవడం మానకూడదు, ఇంజెక్షన్ రెండు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి పడుతూనే ఉండాలి. విన్నవన్నీ రాసుకొచ్చి మీ డాక్టర్ ముందు పెట్టండి, పక్క సీటావిడ వాళ్ళ పాపకి పని చేసిందని ఇంట్లో గింజ చిదిమి నాకించే ప్రయోగాలు మాత్రం వద్దు. స్టాల్స్‌లో ఎవరైనా రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీ చూసి వంద పదార్థాల లిస్టు ఇస్తామంటే దణ్ణం పెట్టి వచ్చేయండి, ఎలర్జీ డాక్టర్ల సంఘాలే ఆ టెస్టు వద్దంటున్నాయి, ఐజీజీ ఉండటం అంటే ఆ తిండి తిన్నారనే తప్ప పడదని కాదు.

ఒక సెషన్‌కి మాత్రం మనసు గట్టి చేసుకుని వెళ్ళండి, పసిపిల్లలకి ముందే పల్లీ పెట్టడం గురించి. లండన్‌లో గిడియాన్ లాక్ బృందం చేసిన లీప్ అనే స్టడీ 2015లో వచ్చింది, ఎగ్జిమానో గుడ్డు ఎలర్జీనో ఉన్న 640 మంది పసిపిల్లల్లో కొందరికి పల్లీ పదార్థాలు పెట్టి కొందరికి ఐదేళ్ళు వచ్చేదాకా ఆపి చూస్తే, పెట్టిన గుంపులో పల్లీ ఎలర్జీ 80 శాతానికి పైగా తగ్గింది. ఈ స్లైడ్ రాగానే హాల్లో తల్లులు కళ్ళు తుడుచుకోవడం చూశాను, మేము పెట్టకపోవడం వల్లే వచ్చిందా అని. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీయే 2000లో రిస్క్ ఉన్న పిల్లలకి మూడేళ్ళ దాకా పల్లీ పెట్టొద్దని చెప్పింది, 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది. డాక్టర్లు చెప్పింది చేసిన అమ్మ తప్పు ఏముందండి ఇందులో. పైగా అన్నీ ముందే పెట్టినా ఎలర్జీ వచ్చిన పిల్లలూ ఉన్నారు. ఎలర్జీ వచ్చేశాక మాత్రం ఈ స్టడీ చూసి ఇప్పుడు పెట్టి చూద్దాం అనుకోకూడదు, అది వేరే విషయం.

బాబు సంగతి. పిల్లల ప్రోగ్రామ్ విడిగా ఉంటే తీసుకెళ్ళండి, నడుముకి పెన్ పౌచ్ కట్టుకున్న ఇంకో పిల్లాడిని చూడటం వాడికి మీరు చెప్పే వంద మాటల కన్నా ఎక్కువ. పెద్దవాళ్ళకే అయితే వద్దు. కొన్ని సెషన్లలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు మాట్లాడతారు, ఆరేళ్ళవాడు అది వినకూడదు. ఫ్లైట్‌లో రెండు పెన్లూ చేతిసంచీలోనే, డాక్టర్ లెటర్‌తో కలిపి, మీ సీటు కిందే, చెక్ ఇన్ బ్యాగులో వేస్తే చలికో వేడికో మందు పాడవుతుంది, అది 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. ఏసీ హాల్స్ గడ్డకట్టిస్తాయి, స్వెటర్ కూడా పెట్టుకోండి, ఇది ఎవరూ చెప్పరు.

ప్రశ్న: నా వయసు 26. రొయ్యలు, పీతలు ఇన్నేళ్ళూ తిన్నాను, రెండేళ్ళ కిందట హఠాత్తుగా పడకుండా పోయాయి. కాన్ఫరెన్స్‌లంటే అంతా చిన్నపిల్లల అమ్మానాన్నలే అని విన్నాను, నాలాంటివాడు వెళ్ళి ఏం చేస్తాడు?

జవాబు: తమ్ముడూ, నువ్వు విన్నది చాలావరకు నిజమే, కానీ మారుతోంది. పెద్దయ్యాక మొదలయ్యే ఎలర్జీల్లో రొయ్య, పీత జాతే ముందు వరసలో ఉంటుంది, నీలాంటివాళ్ళు తక్కువేమీ కాదు, బయటికి చెప్పుకోరు అంతే. ప్రోగ్రామ్ షీట్‌లో టీనేజర్లకి, యువతకి విడిగా గది ఉందా చూడు, ఉంటే అక్కడికే పో. అక్కడ మాట్లాడుకునేవి అమ్మానాన్నల సెషన్‌లో రావు. ముద్దు పెట్టుకునేముందు అవతలివాళ్ళు ఏం తిన్నారని అడగడం ఎలా, ఫ్రెండ్స్ ముందు హోటల్ వాళ్ళని ప్రశ్నలడగాలంటే సిగ్గెందుకు, పెన్ ఇంట్లో వదిలేసి బయల్దేరడం ఎందుకు మామూలైపోయింది, ఇలాంటివి. తిండి ఎలర్జీతో ప్రాణం మీదకొచ్చే కేసులు టీనేజర్లలో, యువకుల్లోనే ఎక్కువ, చాలాసార్లు కారణం పెన్ దగ్గర లేకపోవడం, లేదా ఆలస్యంగా వాడటం. మందు కొట్టడం, తిన్న వెంటనే జిమ్, కొన్ని నొప్పి మాత్రలు, ఇవి కూడా అదే తిండికి వచ్చే రియాక్షన్‌ని పెంచుతాయి. దీని మీద సెషన్ ఉంటే కూర్చో. లేకపోతే ప్రశ్నల టైమ్‌లో మైక్ తీసుకుని నువ్వే అడుగు, నీ వెనక పదిమంది అదే ప్రశ్న మింగుకుని కూర్చుని ఉంటారు.

ప్రశ్న: మా మనవరాలికి పాలు, గుడ్డు పడవు. కోడలు నన్ను కూడా కాన్ఫరెన్స్‌కి రమ్మంటోంది. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం, ఇవన్నీ అర్థం కావు, నేనెందుకు అనిపిస్తోంది. ఆ సూది అంటే కూడా భయమే.

జవాబు: పెద్దమ్మగారూ, మీరే వెళ్ళాలి. అమ్మానాన్నలు ఉద్యోగాలకి పోతే పిల్ల మీ దగ్గరేగా ఉండేది. లెక్చర్లు వదిలేయండి, పెన్ వాడటం నేర్పే చోటికి మాత్రం వెళ్ళండి. అక్కడ సూది, మందు లేని ఉత్తి పెన్నులు ఇస్తారు, మీ తొడ మీద మీరే నొక్కి చూసుకోవచ్చు, చేతికి అలవాటయ్యేదాకా. దీనికి ఇంగ్లీషు అక్కర్లేదు. ఏ చివర పట్టుకోవాలి, ఎన్ని సెకన్లు అదిమిపెట్టాలి అనేది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మీ ఇంట్లో ఉన్న రకం మీదే ప్రాక్టీస్ చేయండి. వేసేది తొడ బయటి వైపు, మధ్య భాగంలో, బట్టల మీద నుంచైనా వేయొచ్చు.

పెద్దవాళ్ళు ఎక్కువగా చేసేది ఏంటంటే, ముందు దద్దుర్లకిచ్చే సిరప్ పోసి కాసేపు చూద్దాం అనుకోవడం. ఆ సిరప్ దురద తగ్గిస్తుంది, గొంతు మూసుకుపోవడాన్ని, బీపీ పడిపోవడాన్ని ఆపదు. ఊపిరి అందకపోయినా, గొంతు బొంగురుపోయినా, పిల్ల వాలిపోతున్నా, లేదా ఒంటిమీద దద్దుర్లతో పాటు వాంతులు కూడా అవుతున్నా ముందు పెన్, ఆ తర్వాత అంబులెన్స్‌కి ఫోన్. పిల్లని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టాలి, ఊపిరి ఆడకపోతే మాత్రం కూర్చోబెట్టాలి, లేపి నడిపించకూడదు. ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే రెండో పెన్. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకి మళ్ళీ రావచ్చు, అందుకే బాగానే ఉంది కదా అని ఇంట్లో కూర్చోకూడదు. సూది భయం అంటారా, మనకి భయంగా ఉంటుంది, పిల్లకి మాత్రం ఆ మందు ఊపిరి పోస్తుంది, అవసరం లేకుండా వేసినా కాసేపు గుండె దడ, వణుకు, అంతకంటే పెద్ద ఇబ్బంది మామూలుగా ఉండదు.

ప్రశ్న: పోయిన నెల కాన్ఫరెన్స్‌కి వెళ్ళొచ్చాను. ధైర్యం వస్తుందనుకుంటే ఉన్నది కూడా పోయింది. అక్కడ విన్న కథలు రాత్రిళ్ళు గుర్తొస్తున్నాయి, పాపని స్కూల్‌కి పంపాలంటే చేతులాడట్లేదు. నాకొక్కదానికేనా ఇలా?

జవాబు: మీకొక్కరికే కాదండి, వెళ్ళొచ్చిన వారం రెండు వారాలు చాలామందికి ఇలాగే ఉంటుంది. రెండ్రోజుల్లో ప్రపంచంలో జరిగిన ఘోరాలన్నీ ఒకే గదిలో కూర్చుని వింటే ఎవరికైనా అంతే, బాగానే ఉన్న వేలమంది పిల్లల గురించి స్టేజి ఎక్కి చెప్పేవాళ్ళు ఉండరుగా. 2013లో చాలా స్టడీలని కలిపి లెక్కగట్టిన ఒక సమీక్ష వచ్చింది, ఫుడ్ ఎలర్జీ ఉన్న పది లక్షల మందిలో ఏడాదికి దానివల్ల చనిపోయేది సుమారు ఇద్దరు. మామూలు జనం ఏదో ఒక యాక్సిడెంట్‌లో పోయే ప్రమాదం దీనికంటే ఎక్కువ. ఇది చెప్పి జాగ్రత్తలు మానమనట్లేదు, పెన్ పెన్నే, కానీ మీ భయం సైజు అసలు ప్రమాదం సైజు ఒకటి కాదు.

అక్కడ నోట్ చేసుకున్నవన్నీ ఒకేసారి ఇంట్లో అమలు చేయాలని చూడకండి, ఒకటి ఎంచుకోండి, ఈ వారం స్కూల్లో పెన్ ఎక్కడుంది, తాళం వేసిన బీరువాలో ఉందా, టీచర్ రానిరోజు ఎవరికి తెలుసు అనేది కనుక్కోండి చాలు. అక్కడ కలిసినవాళ్ళ వాట్సాప్ గ్రూప్ ఉంటే రాత్రి తొమ్మిది తర్వాత మ్యూట్‌లో పెట్టేయండి. నెలన్నా ఇలాగే నిద్ర పట్టకపోతే మీ ఎలర్జీ డాక్టర్‌కే చెప్పండి, కౌన్సెలింగ్‌కి పంపిస్తారు, పిల్లల ఎలర్జీతో వచ్చే ఆందోళన వాళ్ళకి కొత్తేమీ కాదు. ఈలోపు పాపని స్కూల్‌కి పంపండి.