వంజంగి బాకీ తీర్చాకే ఊటీ మాట

ప్రశ్న: మాది గాజువాక. పరవాడలో ఫార్మా ఉద్యోగం, చేతికి 42 వేలు వస్తుంది. మే సెలవుల్లో అమ్మానాన్న, మా ఆవిడ, ఇద్దరు పిల్లలతో ఒక్కరోజు ట్రిప్పుగా, మేఘాలు చూద్దామని పాడేరు దగ్గరి వంజంగి కొండకు వెళ్లాం. అర్ధరాత్రి కారులో బయలుదేరాం. ఘాట్‌ రోడ్డు పొడవునా చిన్నోడికి వాంతులు. మోకాళ్ల నొప్పులతో అమ్మ కొండెక్కలేక కారులోనే ఉండిపోయింది. పైకెళ్తే మేఘాలే లేవు. కారుకు 9,500, అరకులో గదికి 3,500, తిండికి 4,000, మిగతా ఖర్చులు 1,600. మొత్తం 18,600 క్రెడిట్‌ కార్డు మీదే. పోయిన నెల మినిమమ్‌ డ్యూ (బిల్లులో తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రమే కట్టాను. పిల్లలు బాగా డీలా పడ్డారు. అందుకే దసరాకు 60 వేల ఊటీ ప్యాకేజీ నో కాస్ట్‌ ఈఎంఐలో, అంటే వడ్డీ లేని వాయిదాల్లో, నెలకు 5 వేల చొప్పున తీసుకుందామనుకుంటున్నాను. మా ఆవిడ ఇక ట్రిప్పులే వద్దంటోంది. అత్యవసరానికని బ్యాంకులో దాచిన 45 వేలు ముట్టుకోలేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ 45 వేల దగ్గరికే వస్తాను. అత్యవసరానికి దాచిన డబ్బు ముట్టుకోకూడదన్న మీ పట్టుదల మంచిదే, కానీ ఈ బాకీ విషయంలో అదే మిమ్మల్ని ముంచుతోంది. సేవింగ్స్‌ ఖాతాలో ఆ డబ్బుకు ఏడాదికి 3 శాతం వడ్డీ రావడమే గొప్ప. కార్డు బాకీకి మాత్రం నెలకే సుమారు 3.5 శాతం పడుతుంది. 18,600 బాకీ మీద నెల వడ్డీ 651 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 117. మినిమమ్‌ డ్యూ 5 శాతం, అంటే 930 కడితే అసలులో తగ్గేది సుమారు 160 రూపాయలే. పైగా పాత బాకీ ఉన్నంతకాలం వడ్డీలేని గడువు ఉండదు. ఈ నెల ఆ కార్డుతో పప్పూ ఉప్పూ కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఇంతకంటే అత్యవసరం ఏముంటుంది? బాకీ మొత్తం ఈ వారమే ఆ పొదుపులోంచి కట్టేయండి.

ఊటీకి నెలకు 5 వేలు కట్టగలనని మీరే అన్నారు కదా, అదే 5 వేలు నాలుగు నెలలు పొదుపు ఖాతాలో వేయండి. తీసిన డబ్బు తిరిగి చేరుతుంది. నో కాస్ట్‌ అన్న మాట చూసి మోసపోకండి. చాలా బ్యాంకులు ప్రాసెసింగ్‌ ఫీజు తీసుకుంటాయి, డిస్కౌంటుగా సర్దేసే వడ్డీ మీద జీఎస్టీ కూడా పడుతుంది. అంతకంటే నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. ఊటీలోనూ ఘాట్‌ రోడ్డే, అక్కడా అమ్మగారి మోకాళ్లు అవే. ఒక రోజు పాడైన బాధను తీర్చడానికి ఏడాది పాటు వాయిదాలు కడతారా? పిల్లలకు ఇప్పుడు కావాల్సింది అది కాదు.

అలాగని మీ ఆవిడ మాట పూర్తిగా ఒప్పుకోను. ఆవిడ కోపం ట్రిప్పు మీద కాదనిపిస్తోంది, చేసిన ఖర్చుకూ దక్కిన సంతోషానికీ పొంతన లేకపోవడం మీద. ఖర్చులో సగం కారుకే పోయింది. వంజంగిలో మేఘాలు పాలసముద్రంలా కనిపించేది ఎక్కువగా చలికాలంలో, తెల్లవారుజామున. మే నెలలో కనబడకపోవడం మీ దురదృష్టమేమీ కాదు. కాలం చూసి వెళ్లి ఉంటే అదే డబ్బుకు ఫలితం వేరేగా ఉండేది.

పొదుపు మళ్లీ నిండాక విహారాలకు విడిగా నెలకు 2 వేలు పక్కన పెట్టండి, మూడు నెలలకు 6 వేలు చేరతాయి. చలికాలంలో ఒక రోజుకు అది చాలు. కారు మానేసి పొద్దున్న విశాఖలో బయలుదేరే కిరండూల్‌ రైల్లో అరకు వెళ్లండి. ఘాట్‌ మలుపుల బాధ లేదు, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లల కేకలే కేకలు, అమ్మగారు కిటికీ పక్కన కూర్చునే కొండలన్నీ చూడొచ్చు. రిజర్వేషన్‌ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆలస్యం చేస్తే దొరకవు. ఎక్కడ దిగాలో, ఏం తినాలో ఈసారి మీ ఆవిడనే తేల్చమనండి. అప్పటిదాకా ఒక ఆదివారం సాయంత్రం కైలాసగిరికి వెళ్లండి, అమ్మగారికి రోప్‌వే ఉంది.

కార్డు బాకీ మొత్తం కట్టేశాక కూడా వచ్చే నెల బిల్లులో కొంచెం వడ్డీ కనిపించవచ్చు, కంగారు పడకండి. బిల్లు తయారైన రోజు నుంచి మీరు డబ్బు కట్టిన రోజు దాకా లెక్కగట్టిన వడ్డీ అది. అదీ గడువులోపు కట్టేయండి. దాని తర్వాత వచ్చే బిల్లులో బాకీ సున్నా అని చూసుకునేదాకా ఆ కార్డును బయటికి తీయకండి.